పురిటిగదిలో నాయకత్వం

ముస్తాబాద్ మండలంలోని ఏదో ఒక పల్లెలో, తొలిచూలు గర్భిణికి తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయని భావిద్దాం. తొలికాన్పు తల్లిగారింట జరగడం ఆ ప్రాంతపు ఆచారం. నిన్నటి వరకు ఆమె ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టింది. భర్త గల్ఫ్ దేశంలో కూలి పనిలో ఉన్నాడు. తల్లి కంగారుపడుతున్నది. తండ్రి సిరిసిల్లకు తీసుకుపోదామంటున్నాడు. ఫోనులో అత్తగారు కరీంనగర్‌లోని ప్రైవేటు దవాఖానా పేరు చెబుతున్నది. ఆ ఇంటివారు ముందుగా కబురుపెట్టేది నర్సమ్మకు. ఆమె వచ్చి గర్భిణి పొట్టమీద చేయి ఉంచి నొప్పుల మధ్య వ్యవధిని లెక్కిస్తుంది. రక్తపోటు చూస్తుంది. ఉమ్మనీరు పోయిందా, బిడ్డ కదలిక ఉందా అని అడుగుతుంది. ఇవి పురుటి నొప్పులేనా, కావా? ఇప్పుడే బయలుదేరాలా, ఇంకా సమయం ఉన్నదా? దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సరిపోతుందా, పెద్ద ఆసుపత్రికి పంపాలా? ఈ ప్రశ్నలకు ఆమె కొద్ది నిమిషాలలో సమాధానం చెప్పవలసి ఉంటుంది. ఆ క్షణంలో ఆమె పక్కన వైద్యుడెవరూ ఉండడు.

నర్సు అనగానే వైద్యుని ఆదేశాలను తు.చ. తప్పక పాటించే సహాయకురాలు అన్న భావన లోకంలో బలంగా నాటుకొని ఉంది. సేవ, ఓర్పు, కరుణ అనే మాటలతో ఆమెను కీర్తించడం కూడా పరిపాటే. ఈ కీర్తనలో ఒక లోపం ఉంది. కరుణ గలది అని పొగిడే నోరే నిర్ణయం తీసుకోగలది అని అనడానికి వెనుకాడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020వ సంవత్సరాన్ని నర్సులు, మిడ్‌వైఫ్‌ల సంవత్సరంగా ప్రకటించి, ఆ ఏడాది వెలువరించిన నివేదికలో ప్రపంచమంతటా దాదాపు 2 కోట్ల 80 లక్షల మంది నర్సులు ఉన్నారని, వారిలో పదింట తొమ్మిదిమంది స్త్రీలేనని పేర్కొన్నది. ఆరోగ్య వ్యవస్థలో ఇంత పెద్ద వర్గం మరొకటి లేదు. అయినా ఆ వ్యవస్థను నడిపే పీఠాలపై నర్సులు కనిపించడం అరుదు. ఈ వృత్తిలో నాయకత్వం ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడానికి పదవుల జాబితా కంటే పురిటిగది మేలైన చోటు.

ఆధునిక నర్సింగ్ వృత్తికి మూలపురుషురాలు ఫ్లోరెన్స్ నైటింగేల్. ఆమె 1820 మే 12న సంపన్న ఆంగ్ల కుటుంబంలో జన్మించింది. క్రిమియా యుద్ధకాలంలో, 1854లో, 38 మంది స్త్రీలతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లింది. రాత్రివేళ దీపం పట్టుకొని క్షతగాత్రుల మంచాల మధ్య తిరిగిన స్త్రీగా ఆమెను లోకం గుర్తుంచుకొన్నది. ఆ దీపం వెలుగులో ఆమె చేసిన అసలు పని కొంత మరుగున పడింది. ఆమె వెళ్లిన తొలి నెలల్లో స్కుటారిలో మరణాలు తగ్గలేదు. 1855 తొలినాళ్లలో మరింత పెరిగాయి. పారిశుద్ధ్య సంఘం వచ్చి మురుగు కాలువలను శుభ్రం చేయించి, గాలి వెలుతురు ఏర్పాటు చేసిన తరువాతనే మరణాలు గణనీయంగా తగ్గాయి. స్వదేశానికి తిరిగివచ్చిన నైటింగేల్ లెక్కలు ముందు వేసుకొని ఈ సత్యాన్ని గ్రహించింది. సైనికులు గాయాలతో కంటే నివారింపదగిన వ్యాధులతోనే అధికంగా మరణించారని 1858లో రంగుల రేఖాచిత్రాలతో ప్రభుత్వానికి నిరూపించింది. భారతదేశాన్ని ఎన్నడూ చూడకపోయినా ఇక్కడి పారిశుద్ధ్యం గురించి, కరవుల గురించి ఆమె విస్తృతంగా రాసింది. గోదావరి ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్ నీటిపారుదల వాదానికి ఆమె గట్టి మద్దతుదారు అన్న సంగతి తెలుగువారికి ఆసక్తి కలిగించేదే.

ఆమె జీవితంలో అంతగా ప్రచారం పొందని మరొక ఘట్టం పురిటి సేవకు సంబంధించినది. పేద పల్లెలకు శిక్షణ పొందిన మంత్రసానులను అందించాలన్న ఆశయంతో, 1860ల తొలినాళ్లలో, లండన్‌లోని కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో ఆమె నిధితో ఒక ప్రసూతి వార్డు ప్రారంభమైంది. కొన్ని ఏళ్లకు అక్కడ బాలింతలు సూతికా జ్వరంతో మరణించసాగారు. అప్పటికి సూక్ష్మజీవుల సిద్ధాంతం స్థిరపడలేదు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు 1847లోనే ఒక వింతను గమనించాడు: మంత్రసానులు కాన్పులు చేసే వార్డులో కంటే వైద్య విద్యార్థులు చేసే వార్డులో మరణాలు ఎక్కువ. శవపరీక్ష చేసిన చేతులతోనే విద్యార్థులు కాన్పులు చేయడం దానికి కారణమని గుర్తించి, క్లోరిన్ కలిపిన సున్నపునీటితో చేతులు కడిగించాడు, మరణాలు తగ్గాయి. ఆయన మాటను నాటి వైద్యలోకం చాలాకాలం చెవిన పెట్టలేదు. కింగ్స్ కాలేజీ వార్డు విషయంలో నైటింగేల్ వాదనలకు దిగలేదు. తాను నెలకొల్పిన వార్డును 1867లో తానే మూయించివేసింది. పిదప అనేక ప్రసూతి ఆలయాల లెక్కలు సేకరించి, ఆసుపత్రులలో కాన్పయిన స్త్రీల కంటే ఇళ్లలో కాన్పయిన స్త్రీలే తక్కువగా మరణిస్తున్నారని 1871లో ఒక గ్రంథం ప్రకటించింది. తన పేరుతో నడిచే సంస్థ తప్పుదారిన పడినదని లెక్క చెప్పినప్పుడు దానిని మూసివేయడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించవచ్చు. స్కుటారి దీపం కంటే ఈ మూసిన తలుపే ఆమె నాయకత్వానికి పెద్ద గుర్తు.

ఇక మన దేశానికి వస్తే, స్వాతంత్ర్యానికి ముందు పరిస్థితి దయనీయం. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన ఆరోగ్య సర్వే సంఘం 1946లో సమర్పించిన నివేదిక ప్రకారం దేశంలో ప్రతి 43 వేల మందికి ఒక నర్సు, ప్రతి 60 వేల మందికి ఒక శిక్షణ పొందిన మంత్రసాని మాత్రమే ఉండేవారు. ప్రతి వెయ్యి కాన్పులకు దాదాపు 20 మంది తల్లులు మరణించేవారు. పల్లెల్లో కాన్పులన్నీ వంశపారంపర్యపు మంత్రసానుల చేతుల మీదుగానే జరిగేవి. వారిలో అనుభవజ్ఞులు లేకపోలేదు. అడ్డం తిరిగిన బిడ్డను చేతి స్పర్శతో గుర్తించగలవారు ఉండేవారు. కాని మాయ పడకపోయినా, రక్తస్రావం ఆగకపోయినా, గుర్రపువాతం కమ్మినా వారి వద్ద ఉపాయం ఉండేది కాదు. బొడ్డు కోసే కొడవలికి కాచిన నీరు తగిలేది కాదు.

హైదరాబాదు నగరంలోనూ, రాజభవనాల నీడలోనూ ఈ మరణాలు తప్పలేదు. ఏడవ నిజాం రెండవ కోడలు నీలోఫర్ 1916లో ఇస్తాంబుల్‌లో జన్మించింది. నైటింగేల్ పనిచేసిన స్కుటారి ఆ నగరపు భాగమే కావడం ఒక యాదృచ్ఛికం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆమె నర్సు శిక్షణ పొందింది. 1949లో ఆమె వద్ద పనిచేసే యువతి ఒకరు సరైన వైద్య సదుపాయం లేక కాన్పు సమయంలో మరణించింది. సంతానం లేని ఆ రాకుమారి ఆ దుఃఖాన్ని దిగమింగి ఊరుకోలేదు. అటువంటి మరణం మరొకటి జరగరాదని పట్టుబట్టింది. ఫలితంగా 1953లో నగరంలోని రెడ్‌హిల్స్ ప్రాంతంలో స్త్రీలకు, శిశువులకు ఆసుపత్రి వెలసింది. నీలోఫర్ దవాఖానా అంటే నేటికీ తెలంగాణ పల్లెలన్నిటికీ తెలిసిన పేరు. పసిబిడ్డకు ప్రాణం మీదికి వస్తే సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలవారు నేటికీ చివరి ఆశగా అక్కడికే పరుగెత్తుతారు.

స్వాతంత్ర్యానంతరం భారత నర్సింగ్ మండలి చట్టం 1947లో వచ్చింది. 1950వ దశకం నుంచి సహాయక నర్సు–మిడ్‌వైఫ్‌ల శిక్షణ విస్తరించింది. ఏ.ఎన్.ఎం. అని ప్రభుత్వం, నర్సమ్మ అని ప్రజలు పిలిచే ఉద్యోగిని ఈ విధంగా పల్లెలో అడుగుపెట్టింది. మైదాన ప్రాంతాలలో 5 వేల మందికి, గిరిజన ప్రాంతాలలో 3 వేల మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది ప్రమాణం. గర్భిణుల నమోదు, టీకాలు, ఇనుప మాత్రల పంపిణీ, జ్వరాల లెక్క, కుటుంబ నియంత్రణ సలహా, ఇవన్నీ ఆమె భుజాల మీదనే పడ్డాయి. ఆమె చంకలోని రిజిస్టర్ల బరువు సంచిలోని మందుల బరువు కంటే ఎక్కువని ఆ వృత్తిలోనివారు చమత్కరిస్తుంటారు. 2005లో 108 అంబులెన్సు సేవ హైదరాబాదులో ప్రారంభమై క్రమంగా పల్లెలకు పాకింది. అదే ఏడాది మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా ఆశా కార్యకర్తలు ఆమెకు తోడయ్యారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం కేసీఆర్ కిట్ పథకం ప్రవేశపెట్టి, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయిన తల్లికి మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేల రూపాయలు విడతలవారీగా అందించింది. ఇళ్లలో కాన్పులు దాదాపు అంతరించాయి. తెలంగాణలో ప్రతి లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2014–16లో 81 ఉండగా, 2018–20 నాటికి 43కు తగ్గాయి. అప్పటి దేశ సగటు 97. భోర్ సంఘం చెప్పిన వెయ్యికి 20 అంటే లక్షకు 2 వేలు. ఆ అంకెను ఈ 43 పక్కన పెట్టి చూస్తే డెబ్బై ఐదేళ్ల శ్రమ కళ్లకు కడుతుంది.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. కాన్పులు ఆసుపత్రికి చేరిన తరువాత మరొక చిక్కు వచ్చిపడింది. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు శస్త్రచికిత్స ద్వారా జరుగగా, తెలంగాణలో 60.7 జరిగాయి. ఇది దేశంలోకెల్లా అత్యధికం. రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రులలో 81.5, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5. కరీంనగర్ జిల్లాలో మొత్తంమీద 82.4. అంటే అక్కడ అయిదు కాన్పులలో నాలుగు కత్తితోనే జరిగాయి. రాజన్న సిరిసిల్ల, జగిత్యాల జిల్లాలు 2016 అక్టోబరు 11 వరకు ఆ కరీంనగర్ జిల్లాలోనివే.

సిజేరియన్ శస్త్రచికిత్స నిస్సందేహంగా ప్రాణదాత. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ కిందికి వచ్చినప్పుడు, బిడ్డ గుండె చప్పుడు సన్నగిల్లినప్పుడు దానికి సాటి లేదు. అయితే జనాభా మొత్తంమీద ఆ శస్త్రచికిత్సలు నూటికి 10 దాటిన తరువాత తల్లుల, శిశువుల మరణాలు మరింత తగ్గినట్లు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో స్పష్టం చేసింది. అవసరం లేని కోత వలన రక్తస్రావం, ఇన్ఫెక్షన్, తరువాతి కాన్పులలో మాయ గర్భసంచి గోడకు అతుక్కుపోవడం వంటి ఆపదలు పెరుగుతాయి. ఒకసారి కోత పడితే మరుసటి కాన్పూ కోతతోనే ముగియడం మన ఆసుపత్రులలో సర్వసాధారణం. రెండు రోజులు పని మానితే పూట గడవని బీడీ కార్మికురాలికి, మరమగ్గాల కార్మికుని ఇల్లాలికి ఈ కోత దేహానికే పరిమితం కాదు. అప్పు రూపంలో ఇంటినంతటినీ తాకుతుంది.

దీనికి ఎవరిని తప్పుపట్టాలి? లాభాపేక్ష గల ఆసుపత్రులు ఒక కారణం. వైద్యుల కొరత మరొకటి: పన్నెండు గంటలు ఎదురుచూడవలసిన కాన్పును ముప్పావు గంటలో ముగించే మార్గం ఉన్నప్పుడు మనసు అటువైపు మొగ్గుతుంది. ప్రజలలోనూ లోపం ఉంది. మంచి నక్షత్రంలో బిడ్డ పుట్టాలని పురోహితుని అడిగి, ముహూర్తం కాగితం చేతపట్టుకొని ఆసుపత్రికి వచ్చే కుటుంబాలు ఉన్నాయి. పెళ్లికి ముహూర్తం చూసే అలవాటు పుట్టుకకు పాకింది. కూతురు నొప్పులు పడుతుంటే చూడలేని తల్లి, డాక్టరమ్మా పెద్దాపరేషన్ చేసెయ్యండని వేడుకుంటుంది. ఆ భయాన్ని అర్థం చేసుకొని, పక్కన కూర్చొని, ఓపికతో ధైర్యం చెప్పే మనిషి పురిటిగదిలో లేకపోవడమే వీటన్నిటికంటే పెద్ద లోటు.

ఆ లోటును పూరించడానికే మిడ్‌వైఫరీ వృత్తి తెలంగాణలో కొత్త రూపుతో ప్రవేశించింది. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో నర్సులకు ఈ విద్యలో ప్రత్యేక శిక్షణ ప్రారంభించింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థతోను, యునిసెఫ్‌తోను కలిసి ప్రభుత్వ నర్సులకు 18 నెలల శిక్షణ చేపట్టింది. అత్యధికంగా కోతలు జరిగే కరీంనగరే ఆ తొలి ప్రయత్నానికి వేదిక కావడం సముచితం. మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలను విడుదల చేసింది.

ఈ శిక్షణ పొందిన నర్సు చేసే పని ఏమిటి? గర్భిణిని మంచంమీద వెల్లకిల పడుకోబెట్టి అరవవద్దని కసరడం కాదు. నొప్పుల మధ్య నడిపిస్తుంది. నడుము మర్దన చేస్తుంది. గోడను పట్టుకొని నిలబడాలన్నా, ఒత్తిగిలి పడుకోవాలన్నా, గొంతుక్కూర్చోవాలన్నా స్వేచ్ఛనిస్తుంది. తల్లినో, అక్కనో తోడుగా ఉండనిస్తుంది. నీళ్లు, జావ తాగనిస్తుంది. బయటికి ఇది సామాన్యమైన పనిగా కనిపిస్తుంది. దాని వెనుక ఎడతెగని పరిశీలన ఉంది. బిడ్డ గుండె చప్పుడును, తల్లి నాడిని, గర్భాశయ ముఖద్వారం విచ్చుకొంటున్న తీరును ఆమె నిర్ణీత వ్యవధులలో పరీక్షిస్తూ పార్టోగ్రాఫ్ అనే ఒక పటంపై గుర్తిస్తుంది. శిక్షణలో చాలాకాలంగా నేర్పుతున్న పటంలో రెండు ఏటవాలు గీతలు ఉంటాయి. ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున విచ్చుకోవాలని మొదటి గీత సూచిస్తుంది. తల్లి పురోగతి ఆ గీతకు కుడివైపు జరిగితే జాగ్రత్త పడాలి. దానికి నాలుగు గంటల దూరంలో గీసిన రెండవ గీతను తాకితే ఇక ఆలస్యం పనికిరాదు, వైద్యురాలిని పిలవాలి. ఎప్పుడు ఎదురుచూడాలో, ఎప్పుడు ఎదురుచూడరాదో ఆ కాగితం చెబుతుంది. దానిని చదివి, నిద్రలేని వైద్యురాలికి ఫోను చేసి, ఇప్పుడే రావాలి అని నిక్కచ్చిగా చెప్పడమూ, బంధువులు ఒత్తిడి చేసినా ఇంకా సమయం ఉంది అని నిలబడడమూ నర్సు పని. బిడ్డ బయటపడిన వెంటనే తల్లికి ఆక్సిటోసిన్ సూదిమందు ఇచ్చి రక్తస్రావాన్ని అరికడుతుంది. బిడ్డను తల్లి గుండెలపై ఉంచి తొలి గంటలోనే ముర్రుపాలు పట్టిస్తుంది.

ఇంతటి బాధ్యతకు తగిన అధికారం ఆమెకు ఉన్నదా? ఇక్కడే చిక్కు. వైద్యురాలు ఒక మాట అంటే మిడ్‌వైఫ్ అంచనా పక్కకు పోతుంది. ప్రత్యేక శిక్షణ పొందిన నర్సును సిబ్బంది కొరత పేరుతో మరో వార్డుకు పంపితే ఆ 18 నెలల చదువు వృథా అవుతుంది. ఒప్పంద పద్ధతిపై చాలీచాలని జీతంతో ఏళ్లకేళ్లు పనిచేసే ఏ.ఎన్.ఎం.ల సంఖ్య తక్కువేమీ కాదు. నర్సుల పని పరిస్థితులను పరిశీలించడానికి సరోజినీ వరదప్పన్ అధ్యక్షతన 1987లో ఏర్పడిన ఉన్నతస్థాయి సంఘం 1989లో నివేదిక ఇచ్చింది. నర్సింగ్ వ్యవహారాలను నర్సులే నిర్వహించే ప్రత్యేక యంత్రాంగం కావాలన్న కోరిక ఆ తరువాత కూడా నర్సుల సంఘాల వినతిపత్రాలలో వినిపిస్తూనే వచ్చింది. 1947 నాటి చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. మిడ్‌వైఫరీ అనే మాటకు చట్టం పేరులోనే చోటు దక్కడానికి డెబ్బై ఆరేళ్లు పట్టింది.

చట్టాలు, పదవులు రాకముందే నాయకత్వం వహించినవారు లేకపోలేదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రగుంట ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో ఏ.ఎన్.ఎం.గా పనిచేసిన తేజావత్ సుశీల అటువంటివారిలో ఒకరు. అడవి లోపలి గుత్తికోయ గూడేలవారు ఆసుపత్రిని, సూదిని నమ్మేవారు కారు. ఆమె వారి గడపలకు వెళ్లి, ఆ నమ్మకాన్ని కూడగట్టింది. 2023 జూన్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారం అందుకొన్నది. 1973లో నెలకొల్పిన ఈ పురస్కారం దేశంలో నర్సులకు దక్కే అత్యున్నత గౌరవం. ఆమెకు గూడెంలో ఎవరినీ ఆజ్ఞాపించే అధికారం లేదు. అయినా ఆమె రమ్మంటే గర్భిణులు బయలుదేరారు.

ముస్తాబాద్ పరిసరాల విద్యార్థినులకు ఈ వృత్తి ఇప్పుడు దూరంలో లేదు. 2021 జూలైలో సిరిసిల్లలో ప్రభుత్వ నర్సింగ్ కళాశాల భవనం ప్రారంభమైంది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బీడీల చాట పక్కన పెట్టి ఇంటర్మీడియట్ చదివిన తల్లుల కూతుళ్లు తెల్లని దుస్తులలో ఆ తరగతులకు వెళుతున్నారు. తొలిసారి పురిటిగదిలో అడుగుపెట్టిన విద్యార్థిని చేతికి సీనియర్ నర్సు ఒక పెన్సిలు, పార్టోగ్రాఫ్ కాగితం ఇస్తుంది. మంచంపై ఉన్న తల్లి ఆమె చేయి పట్టుకొని, ఇంకెంతసేపు సిస్టర్ అని అడుగుతుంది. విద్యార్థిని గడియారం వైపు చూసి, బిడ్డ గుండె చప్పుడు విని, కాగితంపై తొలి గుర్తు పెడుతుంది.